మినియాపొలిస్ మిడ్‌టౌన్ గ్రీన్‌వే మీద సైకిల్ తొక్కినవాళ్లుంటే జర చెప్పండి, మేలో వెళ్తున్నాం

పాలమూరు సైకిల్ సార్

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్. సర్కారు బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరై 4 ఏళ్లయింది, ఇప్పుడు 65. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటారు. మేలో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం, అక్టోబరు దాకా ఉంటాం. పచ్చళ్లు ఎన్ని కిలోలు తీసుకెళ్లొచ్చు, మందులకు చీటీ కావాలా లాంటివన్నీ అమ్మాయే చూసుకుంటోంది. నాకు కావాల్సింది సైకిల్ సంగతి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పోస్టింగ్ హన్వాడ వైపు. టిఫిన్ డబ్బా క్యారియర్‌కి కట్టుకుని పొద్దున్నే బయల్దేరితే రానూ పోనూ పాతిక కిలోమీటర్లు అయ్యేది. తర్వాత స్కూటర్ కొన్నా సైకిల్ మాత్రం వదల్లేదు. రిటైరయ్యాక రోజూ తెల్లవారుజామున పిల్లలమర్రి దాకా పోయి రావడం, వచ్చాక చాయ్, అదీ నా దినచర్య. పోయిన వానాకాలంలో వెనక నుంచి ఒక ట్రాక్టర్ ట్రాలీ నన్ను రాసుకుంటూ పోయింది. ట్రాలీ అంచు హ్యాండిల్‌కి తగిలి కంకర మీద పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది, పిండికట్టు వేశారు. కట్టు విప్పాక కూడా ఆ చేత్తో బరువు ఎత్తితే నొప్పి. అప్పటి నుంచి ఇంట్లో సైకిల్ తాళం చెవి మా ఆవిడ దగ్గరే ఉంది. నేనూ గట్టిగా అడగలేదు, ఎందుకంటే ఒకటి రెండు సార్లు బయటికి తీసినా వెనక హారన్ వినపడితే చాలు ఒళ్లు బిగుసుకుపోతోంది.

ఈమధ్య అమ్మాయి ఒక వీడియో పంపింది. వాళ్ల అపార్ట్‌మెంట్ పక్కనే, ఊరి మధ్యలో, రోడ్డు మట్టం కంటే బాగా కిందికి ఒక బాట ఉంది. సైకిళ్లూ నడిచేవాళ్లూ తప్ప ఇంకేమీ లేవు. కార్లన్నీ పైన వంతెనల మీద పోతున్నాయి. దాని పేరు మిడ్‌టౌన్ గ్రీన్‌వే అట. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

నా ప్రశ్నలు ఇవి. నిజంగానే మోటారు బండ్లు రావా, లేక వీడియో తీసిన టైంలో లేవా? నాలాంటివాళ్లు మెల్లగా తొక్కితే వెనకవాళ్లు విసుక్కుంటారా? విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తొక్కొచ్చా, లైసెన్సు లాంటిదేమైనా ఉంటుందా? గాలి పంపూ పంక్చర్ సామానూ ఇక్కడి నుంచే తీసుకెళ్లమంటారా? గేర్ల సైకిల్ నేను ఎప్పుడూ తొక్కలేదు. అమ్మాయి పనిమీద ఉంటుంది, ప్రతిదానికీ ఆమెని టెన్షన్ పెట్టడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నా.

వనపర్తి టు మినియాపొలిస్

సార్ నమస్తే. మాది వనపర్తి, ఇక్కడికి వచ్చి 9 ఏళ్లు. ఆఫీసుకి వారంలో నాలుగు రోజులు ఈ గ్రీన్‌వే మీదే పోతాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, ఏమనుకోకండి.

మోటారు బండ్లు రావు, అది ఖాయం. ఆ బాట ఒకప్పుడు రైలు పట్టా. మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీ లైను. ఊరు పెరిగేకొద్దీ రైళ్లకూ రోడ్డు మీది జనానికీ పడక, ప్రమాదాలు జరుగుతున్నాయని 1912 నుంచి 1916 మధ్య ఆ పట్టాలను సుమారు 20 అడుగుల లోతు కందకంలోకి దించి, పైన వీధి వీధికీ వంతెన కట్టారు. తర్వాత రైళ్లు పోయాయి, కందకం మిగిలింది. దాన్నే సైకిల్ బాటగా చేశారు. మొదటి ముక్క 2000లో తెరిచారు, రెండోది 2004లో, నది దాకా పూర్తయ్యింది 2006లో. మొత్తం తొమ్మిది కిలోమీటర్లు, వీళ్ల లెక్కలో ఐదున్నర మైళ్లు. పడమట చెరువుల దగ్గర మొదలై తూర్పున మిసిసిపి నది ఒడ్డున ఆగుతుంది. కందకంలో ఉన్నంతసేపూ ఒక్క సిగ్నల్ ఉండదు, ఒక్క కూడలి ఉండదు. రెండు చివర్లకు వచ్చేసరికి బాట రోడ్డు మట్టానికి ఎక్కుతుంది, అక్కడ మాత్రం కొన్ని చోట్ల రోడ్డు దాటాలి. ఆ చోట్ల దిగి, అటూ ఇటూ చూసి, నడిపించుకుంటూ దాటండి.

లైసెన్సు అక్కర్లేదు, వీసాతో సంబంధం లేదు. మెల్లగా తొక్కితే ఎవరూ ఏమీ అనరు, చిన్న పిల్లలు కూడా వస్తారు. పోయే సైకిళ్లకు ఒక వరుస, వచ్చేవాటికి ఒక వరుస, నడిచేవాళ్లకు పక్కన వేరే దారి.

నాకు మీ విషయంలో బాట గురించి భయం లేదు సార్, మీ 40 ఏళ్ల అలవాటు గురించే. మొదటిది, ఇక్కడ కుడివైపున పోవాలి. మీరు తెలిసి తప్పు చేయరు, కానీ ఎదురుగా ఎవరైనా ఒక్కసారిగా వస్తే ఒళ్లు తనంతట తాను ఎడమకు జరుగుతుంది. నాకు మొదటి నెలలో రెండుసార్లు అయ్యింది. వెనకవాళ్లు మిమ్మల్ని దాటేటప్పుడు బెల్లు కొడతారు, లేదంటే 'ఆన్ యువర్ లెఫ్ట్' అంటారు. నేను నీ ఎడమ పక్క నుంచి పోతున్నా అని అర్థం. ఆ మాటలో లెఫ్ట్ అని వినపడగానే మనం ఎడమకు తప్పుకుంటాం, అప్పుడే గుద్దుకుంటాం. ఆ మాట వినపడితే ఉన్న లైన్‌లోనే కదలకుండా పోండి, చాలు.

రెండోది ఇంకా ముఖ్యం. మన దగ్గర సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి ఉంటుంది కదా. ఇక్కడ తారుమారు. ఎడమచేతి పిడి నొక్కితే ముందు చక్రం ఆగుతుంది. మీరు మన అలవాటుకొద్దీ వెనక బ్రేకు అనుకుని ఎడమది గట్టిగా పట్టారంటే వెనక చక్రం లేచి ముందుకు పడతారు. అందులోనూ మీకు దెబ్బ తగిలింది ఎడమ మణికట్టుకే. కొన్ని సైకిళ్లకు చేతి బ్రేకే ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. మనం ఊరికే ఖాళీగా వెనక్కి తిప్పుతూ పోతాం చూడండి, దాని మీద అలా చేస్తే నడిరోడ్డులో ఆగిపోతారు. షాపులో సైకిల్ చేతికి ఇవ్వగానే ముందు నిలబెట్టి, ఒక్కో పిడీ నొక్కి ఏ చక్రం ఆగుతోందో మీ కళ్లతో చూసుకోండి. ఖాళీ పార్కింగ్ స్థలంలో ఒక గంట తొక్కి, ఆ తర్వాతే గ్రీన్‌వేలోకి దిగండి.

పంపు తేవద్దు. మన హీరో సైకిల్ ట్యూబు వాల్వు వేరు, సన్న రబ్బరు గొట్టం వేసేది. ఇక్కడ కారు టైరుకి ఉండే రకం లావు వాల్వు ఉంటుంది, లేకపోతే పైన చిన్న మర తిప్పి గాలి కొట్టే సన్నది ఉంటుంది. మీ పంపు వీటికి పట్టకపోవచ్చు.

గేర్ల గురించి ఒక్కటే. ఆగి ఉన్నప్పుడు మార్చొద్దు, పెడల్ తిరుగుతూ ఉన్నప్పుడే మార్చాలి. గ్రీన్‌వే చదునుగా ఉంటుంది, ఒకప్పుడు రైలు పోయిన దారి కదా, ఎత్తుపల్లాలు లేవు. మధ్య గేరులో పెట్టుకుంటే తొమ్మిది కిలోమీటర్లూ దాన్ని ముట్టుకోవక్కర్లేదు. బయటికి ఎక్కే ర్యాంపు దగ్గర మాత్రం కావాలి.

నల్లగొండ ఆడబిడ్డ

సార్, మా బాపుని రెండేళ్ల కింద మినియాపొలిస్ పక్కన ఉన్న మా ఇంటికి తీసుకొచ్చాం. ఆయనా నల్లగొండలో గడియారం సెంటర్ నుంచి పానగల్ దాకా సైకిల్ మీదే తిరిగినాయనే. పైన అన్న చెప్పినవి చెప్పాడు, ఆయన చెప్పని ఇంటి సంగతులు నేను చెప్తా.

విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కాగితం మొత్తం చదివించండి. ప్రమాదానికి ఎంత దాకా ఇస్తారు, పాత జబ్బులకు ఇస్తారా లేదా అన్నది ముఖ్యం, మీ మణికట్టు సంగతి కూడా పాత దానిలోకే వస్తుందేమో అడగండి. ఇక్కడ చేయి విరిగితే వచ్చే బిల్లు చూసి మనం తట్టుకోలేం. హెల్మెట్ పెద్దవాళ్లు పెట్టుకోవాలని ఈ రాష్ట్రంలో చట్టమేమీ లేదు, కానీ మీరు పెట్టుకోండి, మీ అమ్మాయి కోసమైనా పెట్టుకోండి.

జేబులో ఒక చీటీ ఉంచుకోండి. పేరు, అమ్మాయి ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, మీరు వేసుకునే మందులు. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆ చీటీయే దిక్కు. ఒకరోజు మా బాపు కందకంలో పోతూ పోతూ ఏ ర్యాంపు ఎక్కాలో మర్చిపోయాడు, కింద నుంచి చూస్తే వంతెనలన్నీ ఒకేలా కనిపిస్తాయి. పైకి ఎక్కితే తెలియని వీధి. ఇంగ్లీషు చదవగలడు గానీ కంగారులో ఏదీ తోచలేదు. ఎవరో ఒకామె ఆగి ఫోన్ చేసి ఇచ్చింది. ఆ తర్వాత ఆయనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బయల్దేరేటప్పుడు తను దిగిన ర్యాంపు దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి ఒకసారి చూసేవాడు, తిరిగొచ్చేటప్పుడు కనపడేది ఆ వైపే కదా. అక్కడి వీధి పేరు ఒక కాగితం మీద తెలుగులో రాసుకునేవాడు.

మే మొదట్లో పొద్దున చలి ఉంటుంది, మన డిసెంబరు కంటే ఎక్కువే, కాబట్టి చేతులకు గ్లోవ్స్ వేసుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదైనా వెలుతురు ఉంటుంది సార్, సాయంత్రం భోంచేసి కూడా పోయి రావొచ్చు. చీకటి పడ్డాక తొక్కితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్రటి రిఫ్లెక్టరు తప్పనిసరి. ఆ బాట 24 గంటలూ తెరిచే ఉంటుంది, లైట్లూ ఉంటాయి, వాలంటీర్లు రాత్రిళ్లు సైకిళ్ల మీద గస్తీ తిరగడం కూడా ఉంది. అయినా కొత్తలో చీకట్లో ఒంటరిగా వద్దు. పెద్ద ఊరు, ఏ ఊరికైనా ఉండే జాగ్రత్త దీనికీ కావాలి. సైకిల్‌ని బయట వదిలితే మాత్రం గట్టి ఇనుప లాక్ వేయండి, ఫ్రేమూ చక్రమూ రెండూ అందులోకి వచ్చేటట్టు. మన దగ్గరలా వెనక చక్రానికి ఉండే చిన్న తాళం ఇక్కడ పనికిరాదు, సైకిల్‌నే ఎత్తుకుపోతారు.

మిర్యాలగూడ రైడర్

నేను ఉండేది హైదరాబాద్‌లో. సార్, మీరు మేలో వెళ్లేలోపు ఒక్క ఆదివారం ఇక్కడికి రండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబరు 1న తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు, రెండు ముక్కలుగా ఉంటుంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. నాలుగున్నర మీటర్ల వెడల్పు, మూడు లైన్లు. పైన ప్యానెళ్లు ఉండబట్టి ఎండ నేరుగా పడదు. మీకు మహబూబ్‌నగర్ నుంచి హైవే మీద వచ్చి శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కితే పోలీస్ అకాడమీ వైపు చివర దగ్గర పడుతుంది. కారులో సైకిల్ వేసుకొస్తే మంచిది.

నేను ఇది ఎందుకు చెప్తున్నానంటే, పడ్డ తర్వాత మళ్లీ మొదటిసారి ఎక్కడం అన్నది కొత్త దేశంలో కొత్త సైకిల్ మీద కాకుండా మీ సొంత సైకిల్ మీద, వెనక లారీ రాదని తెలిసిన చోట జరగాలి. నాకూ పెద్ద దెబ్బ తగిలింది ఒకసారి, మోకాలు. మళ్లీ రోడ్డెక్కడానికి ఏడాది పట్టింది, అది కూడా ఈ ట్రాక్ వల్లే. మొదటి రోజు నేను రెండు కిలోమీటర్లు పోయి వెనక్కి తిరిగాను. పక్కనే ఔటర్ మీద బండ్ల హోరు వినపడుతూనే ఉంటుంది, వినపడ్డప్పుడల్లా భుజాలు బిగుసుకునేవి. నాలుగైదు వారాలకు ఆ చప్పుడు వేరు, నా వెనక వచ్చే చప్పుడు వేరు అని ఒంటికి తెలిసింది.

అయితే కుడివైపు పోవడం ఇక్కడ ప్రాక్టీసు చేయకండి, అందరూ ఎడమనే వస్తారు. దానికి మీ ఊళ్లో స్టేడియం గ్రౌండ్ ఖాళీగా ఉన్నప్పుడు చూసుకోండి.

పాలమూరు సైకిల్ సార్

మీ ముగ్గురికీ ఎంత చెప్పినా తక్కువే. బ్రేకుల సంగతి చదివి నిన్న లేచి వెళ్లి నా సైకిల్ చూశాను, నిజమే, కుడిది ముందుకే. ఇన్నేళ్లు తొక్కాను, ఏది దేనికని ఎప్పుడూ ఆలోచించలేదు, చేతికి తెలిసిపోయేది. మా ఆవిడకి మీ జవాబులన్నీ చదివి వినిపించాను. నల్లగొండ అమ్మా, మీ చీటీ మాట ఆమెకి బాగా నచ్చింది. తాళం చెవి ఇచ్చింది, ఆదివారం మేనల్లుడి కారులో ఔటర్ ట్రాక్‌కి పోతున్నాం.

ఇంకో రెండు అడుగుతా. తొమ్మిది కిలోమీటర్లు పోయాక అలిసిపోతే వెనక్కి రావడానికి సైకిల్‌ని బస్సులో పెట్టనిస్తారా? ఆమె సైకిల్ తొక్కదు, నడుస్తుంది, ఇద్దరం కలిసి పోయే చోటు ఏదైనా ఉందా?

వనపర్తి టు మినియాపొలిస్

పెట్టనిస్తారు సార్, అదనంగా డబ్బులేమీ లేవు. సిటీ బస్సు ముందు భాగంలో ఇనుప చట్రం మడిచి ఉంటుంది, రెండు సైకిళ్లు పడతాయి. డ్రైవరుకి కనపడేలా నిలబడి చెయ్యి ఊపండి. చట్రాన్ని కిందికి లాగి, సైకిల్ చక్రాలు రెండూ గాడిలో కూర్చోబెట్టి, ముందు టైరు మీదికి స్ప్రింగు ఉన్న కొక్కెం లాగి వదిలితే పట్టుకుంటుంది. సైకిల్ ఎత్తాలి, అదొక్కటే మీ మణికట్టుకి ఇబ్బంది. డ్రైవర్లు సీట్లోంచి దిగి సాయం చేస్తారని అనుకోవద్దు, పక్కన ఎవరినైనా అడగండి. లైట్ రైలులో అయితే నడిపించుకుంటూ లోపలికే తీసుకెళ్లొచ్చు, మీకు అదే సుఖం. గ్రీన్‌వే, రైలు లైనూ హయవాథా అవెన్యూ దగ్గర కలుస్తాయి. అక్కడే ఆ పెద్ద రోడ్డు మీదుగా సైకిళ్ల కోసమే తీగలతో వేలాడదీసిన వంతెన ఉంది, మార్టిన్ ఓలవ్ సేబో వంతెన, 2007లో కట్టారు. ఈ రాష్ట్రంలో అలాంటి తీగల వంతెన అదే మొదటిది. సైకిల్ వాళ్లకు కట్టారు చూడండి, కార్లకు కాదు. మొదటిసారి దాని మీద నిలబడి కింద ఏడు లైన్ల ట్రాఫిక్ చూసినప్పుడు నాకు మా వనపర్తి బస్టాండ్ దగ్గర సైకిల్ దిగి, సందు కోసం ఎదురుచూస్తూ నిలబడే మా నాయన గుర్తొచ్చాడు.

అమ్మతో కలిసి పోవాలంటే పడమటి చివర చెరువులు మంచివి. బిడే మకా స్కా అని ఒక చెరువు ఉంది, పాత మ్యాపుల్లో లేక్ కాల్హూన్ అని ఉంటుంది, 2018లో ఇక్కడి ఆదివాసులైన డకోటా జనం పెట్టుకున్న అసలు పేరుకి మార్చారు. చుట్టూ ఐదు కిలోమీటర్లు. సైకిళ్లకు ఒక దారి, నడిచేవాళ్లకు ఒక దారి. చెరువుల చుట్టూ సైకిల్ దారి కొన్ని చోట్ల వన్‌వే, నేల మీద బాణం గుర్తు వేసి ఉంటుంది, అది చూసి తిరగండి. అమ్మ బెంచీ మీద కూర్చుంటే మీరు ఒక చుట్టు వేసి రావొచ్చు. ఇంకా ఓపిక వచ్చాక గ్రీన్‌వే తూర్పు చివర నుంచి నది పక్క బాట పట్టుకుని దక్షిణంగా సుమారు ఐదు కిలోమీటర్లు పోతే మినిహాహా జలపాతం, 53 అడుగులు. ఉత్తరంగా పోతే స్టోన్ ఆర్చ్ వంతెన, 1883లో రైలు కోసం కట్టిన రాతి వంతెన, 1994 నుంచి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఇచ్చేశారు. అది తప్పకుండా చూడండి. మధ్యలో ఆకలైతే గ్రీన్‌వే పక్కనే మిడ్‌టౌన్ గ్లోబల్ మార్కెట్ ఉంది, సియర్స్ అనే దుకాణాల కంపెనీ పాత భవనంలో, రకరకాల దేశాల తిండి దొరుకుతుంది.

జడ్చర్ల పోరడు

ఇదంతా చదువుతుంటే నాకు ఒకటే అనిపిస్తోంది అన్నా. నేను జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ కాలేజీకి సైకిల్ మీద పోదామనుకుని వారం రోజుల్లో మానేసిన. అంచు మీద తొక్కితే ఇసుక, లోపలికి వస్తే బస్సు. మన దగ్గర అప్పన్నపల్లి పక్కనే 2,087 ఎకరాల అర్బన్ ఎకో పార్క్ ఉంది, మినీ ట్యాంక్‌బండ్ ఉంది, పిల్లలమర్రి ఉంది. ఇవన్నీ ఉన్నయి గానీ ఒకదాని నుంచి ఇంకోదానికి భయం లేకుండా సైకిల్ మీద పోయే దారి లేదు. వాళ్లకు ఎట్లా అయ్యింది? ఎవరు అడిగిన్రు? సార్, మీరు పోయినప్పుడు ర్యాంపులు ఎట్లా కట్టారో నాకోసం ఫొటోలు తీయరా? నేను సివిల్ చదువుతున్నా.

వనపర్తి టు మినియాపొలిస్

తమ్ముడూ, చుట్టుపక్కల బస్తీల జనమే అడిగారు. 1992లో ఒక సంఘం పెట్టుకున్నారు, మిడ్‌టౌన్ గ్రీన్‌వే కోయలిషన్ అని. అప్పటికి ఆ కందకం చెత్తకుప్ప. వాళ్లు అడగడం మొదలుపెట్టాక మొదటి ముక్క తెరవడానికే 8 ఏళ్లు, మొత్తం అవడానికి 14 ఏళ్లు పట్టింది. ఆ స్థలం కూడా సైకిళ్ల కోసం కొన్నది కాదు, ముందుముందు రైలో ట్రామో వేయాలని కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ల రైల్వే విభాగం కొని పెట్టుకుంది, ఈలోగా సైకిళ్లకు ఇచ్చారు. వాళ్లు అడిగింది పార్కు కాదు, పనికి పోయే దారి. ఆ తేడా పెద్దది. చలికాలంలో మంచు పడితే చాలాసార్లు పక్క వీధుల కంటే ముందే ఈ బాట మీద తీసేస్తారు, జనం ఆఫీసులకు పోతారు కాబట్టి. నువ్వు అడిగిందీ అదే కదా, కాలేజీకి పోయే దారి. జడ్చర్ల నుంచి మీ కాలేజీ దాకా ఏ మలుపు దగ్గర ఇసుక, ఏ కల్వర్టు దగ్గర అంచే లేదు అన్నది ఒక కాగితం మీద గీసి పెట్టు. సివిల్ చదివేవాడివి, నీకంటే బాగా ఎవరూ గీయలేరు.

పాలమూరు సైకిల్ సార్

అందరికీ నమస్కారం. వచ్చి నెలన్నర దాటింది, చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా.

ముందు ఔటర్ ట్రాక్ సంగతి. మిర్యాలగూడ తమ్ముడు చెప్పినట్టే అయ్యింది. మొదటి ఆదివారం మూడు కిలోమీటర్లు కూడా పోలేదు, చెమటలు పట్టి దిగిపోయాను. రెండో ఆదివారం ఎనిమిదిన్నర కిలోమీటర్లూ పూర్తి చేశాను. అది చేయకుండా ఇక్కడికి వచ్చి ఉంటే గ్రీన్‌వే వంక చూసేవాణ్నే కాదు.

ఇక్కడ అల్లుడు వాడిన సైకిల్ ఒకటి కొనిపెట్టాడు. పార్కింగ్‌లో నిలబెట్టి పిడులు నొక్కి చూశాను, ఎడమది ముందు చక్రం. మా ఆవిడ జడ రిబ్బను ఎర్రది ఒకటి ఆ పిడికి కట్టింది. బ్రేకు మీదికి చెయ్యి పోయినప్పుడల్లా వేళ్లకు ఆ గుడ్డ తగులుతుంది, తగలగానే మెత్తగా పట్టాలని గుర్తొస్తుంది. రెండు వారాలకు అలవాటైంది, అయినా రిబ్బను తీయలేదు.

మొదటి రోజు పొద్దున ఆరింటికి దిగాను. ర్యాంపు దిగుతుంటే పైన రోడ్డు చప్పుడు ఒక్కో గజానికీ తగ్గుతూ వచ్చింది, కిందికి చేరేసరికి నా చైను చప్పుడు నాకు వినపడింది. రెండు పక్కలా పచ్చటి గట్లు, చెట్లు, అక్కడక్కడ సిమెంటు గోడల మీద రంగు బొమ్మలు. ప్రతి వంతెన కిందా ఒక చల్లటి నీడ, బయటికి రాగానే వెలుతురు, మళ్లీ నీడ. వంతెనలు లెక్కపెడదామని మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయాను, వెనక ఏమీ రావడం లేదు కదా అన్న ఆలోచనలో పడిపోయి. మణికట్టు విరిగినప్పటి నుంచి ప్రతి నిమిషానికీ తల తిప్పి వెనక్కి చూడటం అలవాటైపోయింది. ఆ రోజు ఎంత దూరం పోయాక అది ఆగిందో తెలియదు, తీగల వంతెన ఎక్కేటప్పుడు మాత్రం మెడ నొప్పి లేదని గమనించాను.

వనపర్తి బాబూ, నువ్వు అంత చెప్పినా నేను తప్పు చేశాను. వెనక నుంచి ఒకామె 'ఆన్ యువర్ లెఫ్ట్' అంది, నేను ఎడమకే జరిగాను. ఆమె బ్రేకు వేసి ఆగింది, కాలు కింద పెట్టింది. నేను క్షమించమని అడిగితే చేత్తో చూపించి మళ్లీ చెప్పింది, ఏ పక్కనో. రెండో రోజు నుంచి ఆ మాట వినపడితే కుడి మోచేతిని కొంచెం ఒంటికి దగ్గరగా అదుముకుంటున్నా, అప్పుడు సైకిల్ ఎటూ పోదు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు నది దాకా, రెండు రోజులు మా ఆవిడతో చెరువు దాకా పోతున్నాం. ఆమె నడక దారిలో, నేను సైకిల్ దారిలో, పక్కపక్కనే. ఇక్కడ దూరాలన్నీ మైళ్లలో రాసి ఉంటాయి, ఆమె అడిగినప్పుడల్లా కిలోమీటర్లలోకి మార్చి చెప్తున్నా. జలపాతానికి వచ్చే వారం అల్లుడు కూడా వస్తానన్నాడు.

జడ్చర్ల బాబూ, నువ్వు అడిగిన ర్యాంపు ఫొటోలు ఎనిమిది ఉన్నాయి, కింద పెడుతున్నా. రెండు పై నుంచి తీసినవి, మిగతావి కింద నుంచి, పక్కన నా సైకిల్ నిలబెట్టి తీశాను, వాలు ఎంతో నీకు తెలుస్తుందని. మూడో ఫొటోలోది అమ్మాయి వాళ్ల ఇంటి దగ్గరిది. మొదటి రెండు రోజులు దిగి నడిపించుకుంటూ ఎక్కాను, ఇప్పుడు చిన్న గేరు వేసుకుని దిగకుండానే ఎక్కుతున్నా. ఇంకే కొలతలు కావాలో రాయి, అక్టోబరు దాకా ఇక్కడే ఉంటాను.